పై అంతస్తు ల్యాప్‌టాప్‌కి కింది డెస్క్‌టాప్‌లోని ఫోల్డర్ అందకపోతే

మీరు రాసినవాటిలో నిజానికి రెండు వేర్వేరు సమస్యలున్నాయండీ. పైన ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో 'నెట్‌వర్క్' తెరిస్తే కింది విండోస్ 10 డెస్క్‌టాప్ కనిపించట్లేదు, అది ఒకటి. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్‌కి ఉండే నంబరు) కొట్టి వెళ్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగి, ఏది ఇచ్చినా తప్పంటోంది, అది రెండోది. రెంటినీ కలిపి చూస్తే ఎక్కడా తెగదు. పాస్‌వర్డ్ అడిగిందంటేనే అక్కడిదాకా దారి బాగున్నట్టు. కాబట్టి ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని అడ్డుకునే కాపలా) ఆపేయమని ఎవరు చెప్పినా ఆపకండి.

ముందు పాస్‌వర్డ్ సంగతి చూద్దాం. డెస్క్‌టాప్‌లోకి రోజూ పిన్‌తో వెళ్తున్నానన్నారు కదా, ఆ పిన్ దాని ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీదుగా చెల్లదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే పూర్తి ఈమెయిల్, ఆ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డే పెట్టని లోకల్ అకౌంట్ (ఆ మెషీన్‌లో మాత్రమే ఉండేది) అయితే విండోస్ మామూలుగా బయటి నుంచి రానివ్వదు.

ఈ గొడవంతా లేకుండా మా ఇంట్లో డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ని తయారుచేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టాను. మీకూ ఇదే మేలు. ల్యాప్‌టాప్ అడిగినప్పుడు యూజర్ నేమ్ దగ్గర డెస్క్‌టాప్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత ఆ యూజర్ పేరు కొట్టండి. దానికి ముందు ల్యాప్‌టాప్ కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) తెరిచి, డెస్క్‌టాప్ పేరుతోగానీ ఐపీతోగానీ పాత పాస్‌వర్డ్ ఏదైనా సేవ్ అయి ఉంటే తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. పాతది ఉన్నంతకాలం విండోస్ దాన్నే పంపుతూ ఉంటుంది.

లోపలికి వెళ్లాక కొన్ని ఫైళ్లు తెరుచుకుని కొన్ని 'యాక్సెస్ డినైడ్' అనొచ్చు. మా నాన్నగారి పెన్షన్ కాగితాల స్కాన్లు అలాగే మొరాయించాయి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్ వేరు, సెక్యూరిటీ ట్యాబ్ వేరు. రెండిట్లోనూ ఆ యూజర్ ఉండాలి, ఎక్కడ తక్కువ హక్కు ఉంటే అదే అమలవుతుంది. పైగా అదే డ్రైవ్‌లో ఒకచోటి నుంచి కట్ చేసి తెచ్చిన ఫైళ్లు పాత పర్మిషన్లతోనే ఉండిపోవచ్చు. ఆ స్కాన్ల విషయంలో జరిగింది ఇదే. సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి, లోపలి ఫైళ్లన్నిటికీ ఫోల్డర్ పర్మిషన్లే వర్తించేలా టిక్ పెడితే సరిపోయింది.

ఇక కనిపించకపోవడం. రెండు మెషీన్లలోనూ వైఫై ప్రొఫైల్ 'ప్రైవేట్'లో ఉందా, నెట్‌వర్క్ డిస్కవరీ (మెషీన్లు ఒకదానికొకటి కనిపించేలా చేసే సెట్టింగు) ఆన్‌లో ఉందా చూడండి. ఉన్నా కనిపించకపోతే రెండిట్లోనూ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి, ఆ మెషీన్ ఐపీ చూపిస్తుంది. పై అంతస్తుకి సిగ్నల్ అందక రెండో రూటర్ పెట్టించానన్నారు, నా అనుమానమంతా దాని మీదే. ఒకదానికి 192.168.1తో, ఇంకోదానికి 192.168.0తో మొదలయ్యే అడ్రస్ వస్తే అవి రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు.

మా బావగారింట్లో సరిగ్గా ఇదే. ఫైబర్ బాక్స్ (ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే మొదటి రూటర్) నుంచి వచ్చిన కేబుల్‌ని పై రూటర్ వ్యాన్ పోర్టుకి (WAN, బయటి ఇంటర్నెట్ కోసం ఉండేది) పెట్టి వెళ్లారు. పైనుంచి ఐపీ కొడితే కింది మెషీన్ తెరుచుకునేది. కిందినుంచి పైదాన్ని తెరవబోతే మాత్రం 80070035 ఎర్రర్, అంటే ఆ మెషీన్‌కి దారి దొరకలేదని. పై రూటర్ తన వెనకున్నవాటిని బయటికి పోనిస్తుంది, బయటివాళ్లని లోపలికి రానివ్వదు. డిస్కవరీ సందేశాలు రూటర్ దాటవు కాబట్టి జాబితాలో ఎవరికీ ఎవరూ కనిపించరు. రూటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ పెట్టకుండా ఉన్నదాని వైఫైనే పంచేది) ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే ముందు దాని ఐపీని ఫైబర్ బాక్స్ ఐపీల వరుసలోకి, మరెవరికీ ఇవ్వని నంబరుకి మార్చి, అందులో డీహెచ్‌సీపీ (మెషీన్లకి ఐపీలు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్ నుంచి ల్యాన్ పోర్టుకి (LAN, ఇంటి మెషీన్ల కోసం ఉండేది) మార్చండి. తర్వాత ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉంటే మాత్రం ఇవన్నీ చేసినా లాభం లేదు, మామూలు వైఫైకి మార్చండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. కనిపించట్లేదంటే ఎస్‌ఎంబీ 1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) ఆన్ చేయమని వీడియోల్లో చెబుతారు, చేయకండి. 2017 మేలో వానాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) పాకింది ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపం మీదే. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని కొత్త ఇన్‌స్టలేషన్లలో పెట్టడమే మానేసింది. మీ రెండు మెషీన్లకూ దాని అవసరం లేదు. ఫోల్డర్ పర్మిషన్లలో 'ఎవ్రీవన్'కి (అంటే అందరికీ) ఫుల్ కంట్రోల్ ఇవ్వడం కూడా వద్దు. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు వైఫైలోకి వచ్చినా మీ ఫోటోలు చెరిగిపోకూడదు కదా.

అన్నీ కుదిరాక ఫైబర్ బాక్స్‌లో డెస్క్‌టాప్‌కి ఐపీ రిజర్వ్ చేసి (ఎప్పుడూ అదే నంబరు వచ్చేలా), ఆ ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోండి. అప్పుడు 'నెట్‌వర్క్' జాబితాతో పనే ఉండదు. ఎక్కడైనా ఆగితే ఎర్రర్ నంబరు, రెండు మెషీన్ల ఐపీలు ఉన్నదున్నట్టు రాయండి, చూసి చెబుతాను.