‘గుర్రం’, ‘గుఱ్ఱము’ ఒకటేనని కంప్యూటరుకు చెప్పడం ఎలా?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలోని పాత పుస్తకాల జాబితాను నలుగురం కలిసి ఎక్సెల్‌లోకి ఎక్కించాము. పాత ముద్రణల్లోని పేర్లను కొందరు ఉన్నదున్నట్టుగా, మరికొందరు నేటి వాడుక ప్రకారం టైపు చేయడంతో ఒకే పుస్తకం రెండు మూడు చోట్ల చేరింది. ‘గుర్రం’ అని వెతికితే ‘గుఱ్ఱము’ రావడం లేదు. పదాల మధ్య పోలికను లెక్కగట్టే అల్గారిథమ్‌లు ఉన్నాయంటున్నారు. అవి తెలుగుకు పనికివస్తాయా?
– ఒక గ్రంథాలయ కార్యకర్త, తెనాలి

జవాబు: పనికివస్తాయి కాని, మీ పనిని వాటితో మొదలుపెట్టకండి. వీటిలో ప్రసిద్ధమైనది సోవియట్ గణితవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించిన దూరపు లెక్క. ఆయన ఆలోచించింది సంకేతాల ప్రసారంలో దొర్లే తప్పుల గురించే తప్ప వర్ణక్రమం గురించి కాదు. ఒక పదాన్ని మరొక పదంగా మార్చడానికి కనీసం ఎన్నిసార్లు ఒక గుర్తును చేర్చాలో, తీసేయాలో, మార్చాలో ఆ సంఖ్యే ఆ రెండు పదాల మధ్య దూరం.

దీన్ని మీ ఉదాహరణకే వర్తింపజేసి చూద్దాం. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో ‘గుర్రం’ అంటే గ, కొమ్ము, ర, పొల్లు, ర, సున్న అనే ఆరు గుర్తులు. ‘గుఱ్ఱము’లో ఏడు ఉన్నాయి. రెండు ‘ర’లను ‘ఱ’లుగా మార్చి, సున్న స్థానంలో ‘మ’ ఉంచి, చివర కొమ్ము చేర్చాలి కాబట్టి దూరం 4. అదే ‘గుర్రం’ను ‘గుర్తు’గా మార్చడానికి రెండు మార్పులు చాలు. అంటే ఈ లెక్క ప్రకారం గుర్రానికి గుఱ్ఱము కన్నా గుర్తే దగ్గరి చుట్టం! తప్పు అల్గారిథమ్‌ది కాదు. తెలుగులో ఏ తేడా పట్టించుకోదగినదో, ఏది కాదో దానికి మనం చెప్పలేదు.

అందువల్ల ప్రతి పేరుకూ పక్క గడిలో ఒక ‘పోలిక రూపం’ తయారు చేయించండి. మొదటి గడిలోని అసలు పేరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దు. పోలిక రూపంలో ముందుగా టైపింగు చిక్కులు తీరాలి. సున్నకు బదులు తెలుగు అంకె సున్నాను కొట్టేవారు చాలామంది ఉన్నారు. ‘పంట’, ‘ప౦ట’ కంటికి ఒకటిగానే కనిపించినా కంప్యూటరుకు వేరువేరు పదాలు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు నిలవడానికి వాడే, కంటికి కనబడని గుర్తు కూడా ఇటువంటిదే. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాసే వీలుంది. యూనికోడ్ సాధారణీకరణ అనే సిద్ధంగా ఉన్న ప్రక్రియ దీన్ని సరిచేస్తుంది.

ఆ తరువాతే భాష సంగతి. అరసున్నను తొలగించి, ‘ఱ’ను ‘ర’గా మార్చి, ‘పణ్డిత’ను ‘పండిత’గా, ‘ధర్మ్మము’ను ‘ధర్మము’గా చేసి, పదం చివరి ‘ము’ను సున్నగా మార్చమని నియమాలు రాయించండి. ‘పాము’ కాస్తా ‘పాం’ అయిపోతుందే అని కంగారు పడనక్కరలేదు. ఆ గడి పోల్చడానికే గాని పాఠకులకు చూపించడానికి కాదు. అయితే ప్రతి నియమానికీ ఒక మూల్యం ఉంది. అరసున్న తీసేస్తే సంవత్సరమనే అర్థంలోని ‘ఏఁడు’, అంకె ‘ఏడు’ కలిసిపోతాయి. ‘ఱ’ పోతే భిన్నమనే అర్థంలోని ‘వేఱు’ చెట్టు ‘వేరు’లో కలుస్తుంది. పుస్తకాల జాబితాకు ఈ నష్టం భరించదగినదే అని నా అభిప్రాయం, నిఘంటువుకైతే ఒప్పుకోను. ‘ల–ళ’, ‘న–ణ’ల జోలికి మాత్రం ఇలా వెళ్లకండి. ‘కల’, ‘కళ’, ‘వేల’, ‘వేళ’ వంటి నిత్యవ్యవహారంలోని జంటలు చెడిపోతాయి.

ఇంత చేశాక మిగిలిన ‘ఆసుపత్రి–ఆస్పత్రి’ వంటి వాటికి దూరపు లెక్క బాగా పనిచేస్తుంది. అప్పుడు కూడా అన్ని మార్పులకూ ఒకే విలువ ఇవ్వకుండా, ‘ల’ను ‘ళ’గా మార్చితే పావు, ‘ల’ను ‘త’గా మార్చితే పూర్తి ఒకటి అన్నట్టు విలువలు కట్టవచ్చు. దగ్గరగా వచ్చిన జంటలను కంప్యూటరు జాబితాగా ఇవ్వాలే తప్ప తానే కలిపేయకూడదు. రచయిత, ప్రచురణ సంవత్సరం చూసి కలపవలసింది మీరే.

ప్రశ్న: మా పూర్వ విద్యార్థుల పట్టికలో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. లక్ష్మి అనే పేరును ఒకరు ‘కేఎస్‌హెచ్’తో, మరొకరు ‘ఎక్స్’తో రాశారు. పలికే తీరును బట్టి పేర్లకు సంకేతాలిచ్చే సౌండెక్స్ పద్ధతి వాడవచ్చా?
– పూర్వ విద్యార్థుల సంఘం సభ్యుడు, కర్నూలు

జవాబు: అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు పొందిన పద్ధతి నుంచి వచ్చినది సౌండెక్స్. అక్కడి జనగణన పట్టికల్లో పేర్లు వెతకడానికి తరువాత దీన్ని విస్తృతంగా వాడారు. పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులతో పాటు హెచ్, డబ్ల్యూ, వై అక్షరాలను వదిలేసి, మిగిలిన హల్లులను ఆరు వర్గాలుగా చేసి మూడు అంకెలు ఇస్తుంది. మీ లక్ష్మి ఎలా రాసినా ‘ఎల్ 250’ అవుతుంది కాబట్టి ఆ పేరు వరకు సమస్య తీరినట్టే.

కాని మన పేర్లు మూడు అంకెల్లో ఇమిడేవి కావు. వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకటలక్ష్మి అందరూ ‘వీ 523’ దగ్గరే ఆగిపోతారు. మరోవైపు మొదటి అక్షరం మారితే సౌండెక్స్ చేతులెత్తేస్తుంది: ఎల్లమ్మను ‘ఈ’తో రాస్తే ‘ఈ 450’, ‘వై’తో రాస్తే ‘వై 450’. అందుచేత మూడు అంకెల పరిమితి తీసేసి, పదాది ‘ఎ–యె’, ‘ఒ–వొ’లను ముందే ఒకటి చేయించుకోండి. ఆపైన ఇంటిపేరు, చదువు ముగిసిన సంవత్సరం కూడా కలిసినప్పుడే ఇద్దరూ ఒకరేనని భావించి, అనుమానం మిగిలిన చోట ఆ సభ్యులకే ఫోను చేసి కనుక్కోండి.