‘గారికి’ ఎక్కడ పోయింది?

విజయనగరం

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన పదకొండు పేజీలూ అందాయి. మీ అనువాద కంపెనీ పదేళ్ల చరిత్ర రాసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. చదివాక కొంచెం బెంగ పట్టుకుంది. రెండో పేజీలో ‘అచంచల దీక్ష’ ఉంది. నాలుగో పేజీలో ‘అకుంఠిత కృషి’ ఉంది. ఏడో పేజీకి వచ్చేసరికి రెండూ జంటగా దర్శనమిచ్చాయి. మీ కంపెనీ పేరు కొట్టేసి ఆ చోట సిమెంటు కంపెనీ పేరు రాసినా, రొయ్యల ఎగుమతి కంపెనీ పేరు రాసినా ఒక్క మాట మార్చనక్కర్లేదు. ఇంతకన్నా కఠినంగా ఈ ఉత్తరంలో ఏమీ అనను, భయపడకు.

పోయిన సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఒక సంగతి చెప్పావు, గుర్తుందా? డబ్బులు పంపే యాప్‌ను మీ వాళ్లు తెలుగులోకి తెచ్చారు. ఫలానావారికి ఇంత పంపారు అని తెర మీద రావాలి. ఇంగ్లీషులో ‘టు’ అనే ముక్క పేరుకు ముందు విడిగా నిలబడుతుంది కాబట్టి వెనకాల ఏ పేరు వచ్చినా చిక్కు లేదు. మన విభక్తి అలా ఊరుకోదు, పోయి పేరుకు అతుక్కుంటుంది. రవికి, సీతకు, రాముడికి. ఖాళీలో ఎవరు వచ్చి కూర్చుంటారో కంప్యూటర్‌కు ముందుగా తెలియదు. ‘కు’ పెట్టి ఉంచితే ‘రవికు’ అవుతుంది. ‘కి’ పెడితే ‘రాముడుకి’ అని చెవిలో ముల్లు గుచ్చినట్టు ఉంటుంది. ఇంజనీర్లు రెండు రోజులు తల పట్టుకున్నాక, ఎప్పుడూ నోరు విప్పని అనువాదకురాలు ఒకామె ‘గారికి’ అని పెట్టేయండి అన్నదట. పేరు చెక్కుచెదరదు, విభక్తి పక్కకు జరుగుతుంది, పైగా మర్యాద. అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా ‘శ్రీ వేంకటేశ్వర కిరాణా స్టోర్స్ గారికి 240 రూపాయలు పంపారు’ అని వచ్చింది. నువ్వు చెబుతూ నవ్విన నవ్వుకు మా ఇంట్లోవాళ్లు వంటింట్లోంచి వచ్చి చూశారు.

అది ఈ పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. ఆ చోట ‘భాషాపరమైన సవాళ్లను విజయవంతంగా అధిగమించాం’ అనే వాక్యం ఉంది. అమ్మాయీ, నీ దగ్గర బంగారం ఉంది. దాన్ని ఇంట్లో వదిలి గిల్టు పెట్టుకుని పెళ్లికి వెళ్లావు.

ఇక అసలు విషయం. కంపెనీ పెరిగింది అన్నావు. ఏం పెరిగింది? గంటస్తంభం దగ్గర మేడ మీద ఒక గది ఉండేది, ఇప్పుడు రెండు అంతస్తులు. భాషలు పెరిగాయి, కుర్చీలు పెరిగాయి. ఇవన్నీ రాశావు. కానీ ఈ వ్యాపారంలో నిజంగా పెరిగే ఆస్తి వేరే ఉంది, నీకు నాకంటే బాగా తెలుసు. మీ వాళ్లు టీఎం అంటారే, ట్రాన్స్‌లేషన్ మెమరీ, అదే. ఒకరు ఒక వాక్యం అనువదించగానే మూలమూ తెలుగూ జంటగా అందులో దాక్కుంటాయి. రేపు అలాంటి వాక్యం మళ్లీ వస్తే, పోలిక ఇంత శాతం అని పాత తెలుగును తెచ్చి ముందు పెడుతుంది. పోలిక పెరిగేకొద్దీ అనువాదకుడి కూలి తగ్గుతుంది, పని తొందరగా అవుతుంది. కంపెనీ పెరుగుదలలో సగం రహస్యం ఇదే. అంటే ఆ ఆస్తి ఇటుక ఇటుకగా మనుషులు రాసిన వాక్యాలతో కట్టినది. అందులో ఎవరి ఇటుక ఏదో నీ చరిత్రలో కనబడాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీని చుట్టూ తిరిగే సొద.

నా అనుభవం ఒకటి చెబుతాను. పదవీ విరమణ చేసిన కొత్తలో, ఊరికే కూర్చోలేక, ఒక ఏజెన్సీ పని ఒప్పుకున్నాను. బస్సు టికెట్లు అమ్మే సైటు మాటలు. వాళ్లిచ్చిన సాఫ్ట్‌వేర్‌లో మాటలన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలో, ఒకదానికొకటి సంబంధం లేకుండా, సంతలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడ్డాయి. ‘బుక్’ అని ఒకటి వచ్చింది. నేను జీవితమంతా పుస్తకాలతో గడిపినవాణ్ని, ఇంకేం తోస్తుంది? ‘పుస్తకం’ అని కొట్టాను. ‘మే’ వస్తే ‘వచ్చు’ అన్నాను. రాజాం వెళ్లే బస్సుకు సీటు ఎంచుకుని, ఏప్రిల్ తర్వాత వచ్చే ‘వచ్చు’ నెలలో తేదీ నొక్కి, చివర ‘పుస్తకం’ నొక్కిన ప్రయాణికుడు నన్ను ఏమని తిట్టుకున్నాడో!

అక్కడితో అయిపోలేదు. మూడేళ్ల తర్వాత వేరే ఏజెన్సీ నుంచి అదే సైటు పని వచ్చింది. ఆ టీఎం ఏజెన్సీది కాదు, పని ఇచ్చినవాళ్లది. అందుకే అదీ వెంట వచ్చింది. ఫైలు తెరిచేసరికి ‘బుక్’ ఎదురుగా ‘పుస్తకం’ ముందే కూర్చుని ఉంది. పక్కన 100 అని ఆకుపచ్చ గుర్తు. అనువాదకుడి గడిలో నాలుగు అక్షరాల సంకేతం, నాదే. నూరు శాతం కలిసిన గడులు ముట్టుకోవద్దు, వాటికి డబ్బులు లేవు అని నిబంధన. గడికి తాళం. నా తప్పును నేనే దిద్దుకోలేకపోయాను. మెయిలు రాశాను, జవాబు రాలేదు. అనువాద యంత్రాంగం గురించి నేను చదివిన ఏ వ్యాసమూ ఆ తాళం వేసిన గడి చెప్పినంత చెప్పలేదు.

పెద్ద కంపెనీల కథ కూడా ఒకటి రెండు పేజీల్లో చెప్పు, అంతకు మించి వద్దు. టీఎం సాఫ్ట్‌వేర్‌కు పేరుపడ్డ ట్రడోస్ 1984లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పుట్టినప్పుడు అదీ మామూలు అనువాదాల సంస్థే. తర్వాతే సాఫ్ట్‌వేర్‌కు మళ్లింది. 2005లో దాన్ని ఎస్‌డీఎల్ అనే అనువాద కంపెనీ కొన్నది, 2020లో ఎస్‌డీఎల్‌ను ఆర్‌డబ్ల్యూఎస్ అనే ఇంకో అనువాద కంపెనీ కలుపుకుంది. చేపను చేప మింగడమే. మన దేశంలో, భారతీయ భాషలకు సాఫ్ట్‌వేర్ చేసే బెంగళూరు కంపెనీ రెవరీ 2009లో మొదలైంది. 2019లో రిలయన్స్ దాన్ని కొన్నది. ఇవి రాసేటప్పుడు ఒక్క ప్రశ్న వదలకు. కొన్నవారి చేతికి ఏం వచ్చింది? భవనాలు కాదు కదా.

అనువాదం చేసే యంత్రం సంగతి నీ తొమ్మిదో పేజీలో పిడుగులా హఠాత్తుగా పడుతుంది. అది అలా రాలేదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో ఒకే లెక్క కట్టిన యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. అది వాడుకలోకి వచ్చేదాకా ఒక ఫాంటులో కొట్టింది ఇంకో ఫాంటులో పిచ్చి గీతలుగా కనబడేది. 2011లో గూగుల్ అనువాదంలోకి తెలుగు వచ్చింది. 2017లో, వాక్యాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూసి అనువదించే న్యూరల్ పద్ధతి వచ్చాక వాక్యాలు ఒక మాదిరిగా నిలబడటం మొదలైంది. 2022లో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల అనువాదం కోసం భాషిణి ప్రారంభించింది. ఈ యంత్రాలు చదువుకున్న బడి ఏది? ప్రధానంగా మనుషులు అనువదించిన జంట వాక్యాలే. మీ అనువాదకులు ఒకప్పుడు రాసేవారు, ఇప్పుడు యంత్రం రాసినదాన్ని దిద్దుతున్నారు. ఆ మార్పు వచ్చిన ఏడాది వారి చేతికి అందిన డబ్బు ఎలా మారిందో అడుగు. మీ యజమాని ఇష్టపడకపోవచ్చు. అయినా అడుగు, రాసి ఉంచుకో. అచ్చుకు ఇవ్వాలో వద్దో తర్వాత చూద్దాం.

ఎలా అడగాలన్నావు. మీ జిల్లాలోనే, వంశధార తీరాన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి పద్ధతి పాటించు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారాయన. 1931లో మద్రాసులో అచ్చయిన ఆయన సవర గ్రంథం వెనక ఆ పక్కన కూర్చోవడం ఉంది. పంతులుగారి పేరు మనందరికీ తెలుసు, మంచిదే. ఆ రెండో మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? నీ చరిత్రలో మీ యజమాని పేరు నలభై రెండు సార్లు వచ్చింది. పెన్సిలుతో టిక్కులు పెట్టి లెక్కపెట్టాను, ముసలివాడికి వేరే పనేముంది. ‘గారికి’ అన్న ఆమె పేరు ఒక్కసారీ లేదు.

శ్రీకాకుళంలో కథానిలయం మీ ఇంటికి దగ్గరే కదా. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం అది. ఒక పూట వెళ్లి కూర్చో. అక్కడ ఏ కథ వివరం చూసినా రాసినవారెవరు, ఏ పత్రికలో, ఎప్పుడు అని ఉంటుంది. ఎవరికీ గుర్తులేని, ఒక్క కథ రాసి మానేసిన మనిషి పేరైనా సరే. ఆ వివరాలు చూసి వచ్చాక మీ టీఎంలోని నాలుగక్షరాల సంకేతాలు చూడు. ఎలా రాయాలో నేను చెప్పక్కర్లేదు.

భాష గురించి ఒక్క మాట. ‘అందించబడుతున్నాయి’, ‘రూపొందించబడింది’ అని పేజీకి ఐదారు చోట్ల ఉంది. మీ కంపెనీలో ఇలాంటి వాక్యాలు దిద్దినందుకే నీకు జీతం ఇస్తున్నారని విన్నాను!

మొదటి మూడు పేజీలు తీసేయి. సంక్రాంతికి చెప్పిన కిరాణా స్టోర్స్‌తో మొదలుపెట్టు. ఆమెను ముందు అడుగు, పేరు వేయవచ్చా అని. వద్దంటే వేయకు, కానీ ఆమె ఆ మాట అన్నప్పుడు గదిలో ఎవరెవరున్నారో, ఫ్యాను తిరుగుతున్నదో లేదో రాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వస్తావు కదా, అప్పటికి కొత్త ప్రతి తీసుకురా. అచ్చు అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేలా చూడు, కంటికి శుక్లాల ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు.

మరొకటి. బస్సు టికెట్ల ఫైలు ఎప్పుడైనా మీకు పనిగా వస్తే, ‘బుక్’ ఎదురుగా ఏముందో ఒకసారి చూసి చెప్పు. గడికి తాళం లేకపోతే దిద్దెయ్యి.

మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

మీ మాస్టారు