ఏయూలో కెమికలా, గీతంలో కంప్యూటర్ సైన్సా?

మీ అబ్బాయికి విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ)లో కెమికల్ ఇంజనీరింగ్, అక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయం గీతంలో కంప్యూటర్ సైన్స్ వచ్చేలా ఉన్నాయి, ఎందులో చేర్పించాలని అడిగారు. నేను విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీలో పనిచేసే కెమికల్ ఇంజనీరును. నా మొగ్గు ఎటో వేరే చెప్పాలా? ఏయూలో చేర్పించండి.

అసలు తేల్చుకోవలసింది బ్రాంచి సంగతి. అది వదిలేసి అందరూ గ్రేడ్ల వెంట పడతారు. కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ ఇచ్చే గ్రేడు మొత్తం సంస్థకు. సాంకేతిక కోర్సులను పరిశీలించే ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇస్తారు. మా అబ్బాయి చేరే బ్రాంచికి అది ఉందా అని అడిగిన తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు. హోర్డింగు మీద ప్యాకేజీ ఎంత వేశారో మాత్రం అందరికీ కంఠతా వచ్చు. జాతీయ రహదారి పొడవునా ఆ అంకెలే. ఆ పెద్ద అంకె ఒక్క విద్యార్థిది. మిగతావాళ్లలో సరిగ్గా మధ్యన ఉన్నవాడికి ఎంత వచ్చిందో అడిగి చూడండి, మాట మార్చేస్తారు. ఒకే పిల్లవాడికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కవేసే చోట్లూ ఉన్నాయి.

మా అన్నయ్య కూతురికి కూడా ఇదే సందిగ్ధం వచ్చినప్పుడు తనను తీసుకుని ఈ చుట్టుపక్కల కాలేజీలు తిరిగాను. పేర్లు అనవసరం. ఒకచోట బ్యాటరీ బండి ఎక్కించి ఫుడ్‌కోర్టు, ఆడిటోరియం, జిమ్ అన్నీ చూపించారు. కెమికల్ వాళ్ల పరికరాలు నడిపి చూసే యూనిట్ ఆపరేషన్స్ ల్యాబ్ చూస్తామని మా పిల్ల అడిగేసరికి మమ్మల్ని తిప్పుతున్న కుర్రాడు ఫోను తీశాడు. తాళం విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారి దగ్గర ఉందట, ఆయన సెలవులో ఉన్నారట. ఇంకోచోట బండీ లేదు, పలకరించే మనిషీ లేడు. ల్యాబ్ మాత్రం తెరిచే ఉంది. అటెండర్ స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "చూస్తావా అమ్మా?" అంటూ లేచి ప్యాక్డ్ కాలమ్ నడిపించాడు. మనిషెత్తు గాజు గొట్టం, దాని నిండా పింగాణీ రింగులు. పైనుంచి నీళ్లు, కిందినుంచి గాలి. గాలి కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాడు. ఒక దశలో నీళ్లు కిందికి దిగడం మానేసి రింగుల మధ్యే నిలబడిపోయాయి, ఒత్తిడి కొలిచే మానోమీటర్లో నీటిమట్టం ఎగిరిపడింది, గొట్టం పైనుంచి నీళ్లు చిమ్మి ఆయన చొక్కా తడిసింది. "ఇదే ఫ్లడింగ్. ఇక్కడైతే నా చొక్కాతో సరి, రిఫైనరీలో అయితే రాత్రంతా జాగారమే" అన్నాడు. మా పిల్ల మళ్లీ చూపించమంది. నాకు ప్రొఫెసర్లు నల్లబల్ల మీద వారం రోజులు చెప్పిన పాఠం అది.

అక్కడ ఆడపిల్లల టాయిలెట్లో నీళ్లు లేవన్నది కూడా చెప్పాలి. రోడ్డు మీద హోటలు వెతుక్కోవలసి వచ్చింది. ల్యాబులు నడిపించగలిగిన వాళ్లకు కుళాయి బాగుచేయించడం అంత కష్టమా? చివరికి మా పిల్ల కెమికలూ కంప్యూటర్ సైన్సూ కాదని ఈసీఈ (ఎలక్ట్రానిక్స్)లో చేరిందనుకోండి, అది వాళ్ల నాన్న పట్టుదల, దాని గురించి నేను మాట్లాడను.

ఏయూ ఎందుకంటే, అక్కడ కెమికల్ టెక్నాలజీ చదువు 1933 నాటిది. తర్వాత విశాఖ ఊరే ఆ బ్రాంచికి తగ్గట్టు పెరిగింది. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న రిఫైనరీ, కోరమాండల్ ఎరువుల కర్మాగారం, స్టీల్‌ప్లాంట్‌లో బొగ్గును కాల్చి కోక్ చేసే ఓవెన్లు, పరవాడ, అచ్యుతాపురం పారిశ్రామిక వాడలు. ఇంటర్న్‌షిప్‌కు ఇంటి అన్నం తిని వెళ్లిరావచ్చు. కంప్యూటర్ సైన్స్ అంటారా, ఇప్పుడు చాలా కాలేజీల్లో సగానికి సగం సీట్లు అవే. కోడింగ్ ఏ బ్రాంచివాడైనా గదిలో కూర్చుని నేర్చుకోగలడు, ద్రవాలను మరిగించి వేరుచేసే డిస్టిలేషన్ కాలమ్‌ను గదిలో పెట్టుకోలేడు.

ఏయూలో అయినా వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు అది రెగ్యులర్ సీటా, ఖర్చంతా ఫీజుగా రాబట్టే సెల్ఫ్ ఫైనాన్స్ సీటా చూసుకోండి, ఫీజులో చాలా తేడా ఉంటుంది. ప్రైవేటులో యాజమాన్య కోటాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అప్పు చేసి చదివించే ఆలోచన ఉంటే, 7.5 లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతాయి. ఇంటి కాగితాలు బయటికి తీసే ముందు మీ అబ్బాయికి ఏది చదవాలని ఉందో ఒకసారి అడగండి. మీ ప్రశ్న మొత్తంలో ఆ సంగతి ఎక్కడా లేదు.