న్యూ ఓర్లీన్స్ వెళ్తే ప్లాంటేషన్ బంగ్లాలు చూడొచ్చా? మా అనుభవం

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి న్యూ ఓర్లీన్స్ వెళ్తున్నాం, మిసిసిపీ నది ఒడ్డునున్న పాత ప్లాంటేషన్ బంగ్లాలు (బానిసలతో తోటలు నడిపించిన యజమానుల ఇళ్ళు) చూడదగ్గవేనా, పదేళ్ళ పాపని తీసుకెళ్ళొచ్చా అని అడిగారు కదా. చూడండి, తీసుకెళ్ళండి. కాకపోతే మేము చేసిన పొరపాటు చేయకండి. అక్కడ ఓక్ ఆలీ, విట్నీ అని రెండు బంగ్లాలున్నాయి. మేము ముందు ఓక్ ఆలీ చూసి తర్వాత విట్నీకి వెళ్ళాం. ముందు విట్నీ చూడాల్సింది.

ఓక్ ఆలీ మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు ఓక్ చెట్లు, చివర 28 స్తంభాల తెల్లటి ఇల్లు. 1837-39 మధ్య ఒక చెరకు తోట యజమాని కట్టించుకున్నాడు, కట్టింది బానిసలు. అది తెలిసే వెళ్ళాను. అయినా ఆ చెట్ల కింద నిలబడగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, అయ్యో, మంచి చీర కట్టుకుని రావాల్సింది అని! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ముందు విట్నీ చూసుంటే ఆ ఆలోచన వచ్చేది కాదు.

ఇంటి వెనక బానిసల గుడిసెల్ని మళ్ళీ కట్టి పెట్టారు. అక్కడే ఆంత్వాన్ అనే తోటమాలి గురించి తెలిసింది. పెకాన్ (అక్రోటులాంటి ఒక గింజ) చెట్లకి అంటు కట్టడం మొదట సాధించింది ఆయనే, 1846-47 చలికాలంలో. 1848లో యజమాని చనిపోతే రాసిన ఆస్తుల జాబితాలో ఆయన పేరు, పనితనం, పక్కన ధర కూడా ఉన్నాయి: 1000 డాలర్లు. ఆయన అంటు రకానికి తర్వాత 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. న్యూ ఓర్లీన్స్‌లో ప్రలీన్లు తింటారుగా, మన పల్లీ పట్టీలా పెకాన్లతో చేసేవి, అప్పుడు ఆయన్ని గుర్తు చేసుకోండి.

విట్నీ అక్కడికి దగ్గరే, నది వెంబడి అదే రోడ్డు. అక్కడ పెద్దింటి కన్నా అందులో చాకిరీ చేసినవాళ్ళ కథే ముఖ్యం. 2014లో తెరిచారు. మేము వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళేముందు మెడలో ఒక్కో కార్డు వేశారు. ముందు ఒక పిల్లవాడి శిల్పం బొమ్మ, వెనక 1930లలో రాసి పెట్టిన, బానిసగా పుట్టిన ఒకరి మాటలు. పాత చర్చిలో ఆ పిల్లల శిల్పాలే నిలబడి ఉంటాయి. మా అమ్మాయి తన కార్డు మీద ఉన్నది ఎవరా అని ఒక్కో బొమ్మ ముందూ ఆగి వెతికింది.

నన్ను కదిలించింది మాత్రం బయట పడి ఉన్న ఇనప పెనాలు. మాది అనకాపల్లి వైపు, బెల్లం వండటం చూస్తూ పెరిగాను. పాకం ఒక్క చుక్క చేతి మీద పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడ పెద్ద పెనం నుంచి చిన్న పెనంలోకి, దాన్నుంచి ఇంకా చిన్నదాంట్లోకి, మరుగుతున్న రసాన్ని గరిటెలతో తోడి పోసేవారట. మంచు పడి చెరకు పాడయ్యేలోపు ఆడెయ్యాలి కాబట్టి ఆ సీజన్లో రాత్రీ పగలూ పనే. మా ఊళ్ళో పెనం దగ్గర కూర్చున్నవాడికి కూలి ఉంటుంది, నచ్చకపోతే వెళ్ళిపోవచ్చు.

ఇంకో బంగ్లాకి కూడా వెళ్ళాం, పేరు చెప్పను. గైడ్ గంటసేపు మంచాలూ వెండి చెంచాలూ చూపించి, బానిసల్ని "పనివాళ్ళు" అంటూ దాటేసింది. అలాంటివాటికి టికెట్ దండగ.

పాప సంగతి: విట్నీలో 1811 నాటి బానిసల తిరుగుబాటు స్మారకం ఉంది. ఆ తిరుగుబాటులో పాల్గొన్నవాళ్ళ తలలు నరికి నది పొడుగునా గుంజలకు గుచ్చారు, దాన్నే శిల్పాలుగా పెట్టారు. పక్కగా ఉంటుంది, పాపని అటు తీసుకెళ్ళకుండా దాటొచ్చు. ఆ ప్రాంతంలో చనిపోయిన 2,200 మంది బానిస పిల్లల పేర్లు చెక్కిన చోటికి మాత్రం తీసుకెళ్ళండి. ఏవైనా అడిగితే తొందరపెట్టకండి, మేము అక్కడే అరగంట ఉన్నాం.

న్యూ ఓర్లీన్స్ నుంచి కారులో గంట ప్రయాణం. విట్నీకి వారంలో ఒకరోజు సెలవు, ముందే చూసుకోండి. నవంబర్ అయినా టోపీ, నీళ్ళు పెట్టుకోండి, అక్కడ నీడ తక్కువ.