టెక్ సందేహాలు: పాత కలర్ టీవీలో రంగు ఆలస్యంగా కుదురుకుంటుంటే

ప్రశ్న: మా నాన్నగారు 1989లో కొన్న 20 అంగుళాల కలర్ టీవీని సెట్‌టాప్ బాక్స్‌తో ఇప్పటికీ చూస్తున్నాము. ఆన్ చేయగానే బొమ్మ నీలాకుపచ్చగా కనిపిస్తుంది. పది నిమిషాలు గడిస్తే గాని ఎరుపు రాదు. పిక్చర్ ట్యూబ్ అయిపోయిందని, బూస్టర్ పెడతానని మెకానిక్ అంటున్నారు. పెట్టించమంటారా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తొందరపడకండి. ముందుగా మీరే ఇంట్లో చేయగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. రాత్రంతా ఆపి ఉంచిన టీవీని ఉదయం ఆన్ చేసి, కలర్ కంట్రోలును పూర్తిగా తగ్గించండి. అప్పుడు కూడా తెలుపు, బూడిద రంగులు ఉండవలసిన చోట నీలాకుపచ్చ ఛాయ కనిపిస్తే లోపం పిక్చర్ ట్యూబులో గాని, దాని మెడకు తగిలించిన బేస్ కార్డులో గాని ఉన్నట్టు. నలుపు తెలుపు బొమ్మ శుభ్రంగా ఉంటే ట్యూబును అనుమానించనక్కరలేదు.

బొమ్మ మొదట నలుపు తెలుపులో వచ్చి, కాసేపటికి రంగులన్నీ ఒక్కసారిగా ప్రత్యక్షమైతే అది వేరే జబ్బు. మన దేశంలో 1982లో కలర్ ప్రసారాలు పాల్ (PAL) అనే కలర్ సిగ్నల్ పద్ధతిలో మొదలయ్యాయి. ఆ పద్ధతిలో టీవీలోని 4.43 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, వచ్చే సిగ్నల్‌లోని బర్స్ట్‌తో (రంగుకు ఆధారంగా పంపే చిన్న సంకేతంతో) శ్రుతి కలపాలి. కలపలేకపోతే కలర్ కిల్లర్ అనే సర్క్యూట్ రంగును మొత్తంగా ఆపేస్తుంది. క్రిస్టల్ గాని, దాని ఫ్రీక్వెన్సీని సరిదిద్దే పక్కనున్న ట్రిమ్మర్ గాని పాతబడితే వేడెక్కేదాకా శ్రుతి కుదరదు. ఇక రంగు ఎంతసేపటికీ రాకపోతే, టీవీ తెరిపించే ముందు సెట్‌టాప్ బాక్స్ ఎన్‌టీఎస్‌సీ అనే అమెరికా కలర్ పద్ధతిలో ఉందేమో చూసి పాల్‌కు మార్చండి.

మీరు చెప్పిన లక్షణం మాత్రం మొదటి రకానిదే. ట్యూబులో మూడు రంగులకు మూడు గన్‌లు (ఎలక్ట్రాన్లను తెర మీదికి చిమ్మే భాగాలు) ఉంటాయి. హీటరు వేడికి ఒక్కొక్క గన్‌లోని క్యాథోడ్ మీది పూత ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. దశాబ్దాల వాడకంలో ఆ పూత అరిగి, బాగా వేడెక్కితే గాని పనిచేయని స్థితికి వస్తుంది. అయితే బేస్ కార్డు మీద హీటరు పిన్నుల దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు) ఉన్నా, వేడి తగ్గి, మూడింటిలో బలహీనమైన గన్ ముందుగా బయటపడుతుంది. అందుచేత ఆ పిన్నులను మళ్లీ సోల్డర్ చేయించడం మొదటి పని. ఆ తరువాత మెకానిక్ గారిని ఎరుపు, ఆకుపచ్చ క్యాథోడ్ తీగలను తాత్కాలికంగా అటూ ఇటూ మార్చి చూడమనండి: అప్పటికీ ఎరుపే ఆలస్యమైతే గన్ బలహీనపడిందని, ఆలస్యం ఆకుపచ్చకు మారితే ట్యూబు బాగానే ఉండి, గన్‌కు సిగ్నల్ అందించే డ్రైవ్ ట్రాన్సిస్టర్ వైపు లోపం ఉందని తేలుతుంది. మెకానిక్‌లు చాలామంది ఈ పని చేయకుండానే ట్యూబుకు మరణ ధ్రువపత్రం రాసేస్తారు.

హీటరు వోల్టేజి సాధారణంగా 6.3 ఉండాలి. అది ఎల్‌ఓటీ (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్) నుంచి పల్సుల రూపంలో వస్తుంది కనుక మామూలు మల్టీమీటరు చూపించే అంకెను నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. బూస్టర్ చేసేదల్లా ఈ వోల్టేజిని పెంచడమే. దానితో రంగు కొన్నాళ్లు వెలుగుతుంది గాని, మిగిలిన పూత మరింత త్వరగా అరిగిపోతుంది, హీటరే తెగిపోయే ప్రమాదమూ ఉంది.

ఈ పనుల కోసం మీరు స్వయంగా వెనుక మూత తీయకండి. ట్యూబు ఆనోడ్ దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసిన తరువాత కూడా అందులో ఛార్జి నిలిచి ఉండగలదు.

గన్ బలహీనపడిందనే తేలినా, పది నిమిషాల తరువాత ఎరుపు నిండుగా వచ్చి నిలుస్తున్నంతకాలం నేనైతే బూస్టర్ పెట్టించను, వార్తలకు పది నిమిషాల ముందే టీవీ ఆన్ చేసుకుంటాను. ఎంతసేపు ఉంచినా ఎరుపు రాని రోజు వస్తే, అప్పుడు పెట్టించండి.