మూడు రోజుల ట్రైనింగ్‌తో కేర్‌టేకర్ డ్యూటీకి పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హోమ్ కేర్ సంస్థలో కేర్‌టేకర్‌గా చేరతానంటోంది. మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చి డ్యూటీకి పంపుతారట. తెలియని వాళ్లింట్లో ఒక్కతే ఉండాలంటే నాకు టెన్షన్‌గా ఉంది. చేర్పించమంటారా?

జవాబు: మీ భయంలో అర్థముందమ్మా. అయితే మీరు ఆ ఇంటివాళ్లు ఎలాంటివాళ్లో అని మాత్రమే ఆలోచిస్తున్నట్టున్నారు. ఈ పనిలో ఎక్కువగా దెబ్బతినేది నడుము. ఆస్పత్రిలోనైతే పేషెంటును మంచం దించడానికి పక్కవాళ్లను సాయం పిలవొచ్చు. ఇంట్లో ఆ వీలు ఉండదు. పేషెంటును చేతులతో ఎత్తేటప్పుడు బరువు 16 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ చెబుతుంది, అదీ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు. మంచంలో ఉన్న పెద్దాయన బరువు అంతకు ఎన్ని రెట్లుంటుందో మీరే చూడండి.

అందుకే మీ అమ్మాయి ముందుగా నేర్చుకోవాల్సింది ఎత్తకుండా జరపడం. వీల్‌చైర్ బ్రేకులు వేయాలి. పేషెంటును మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, తల తిరగడం లేదని చూసుకున్నాకే లేపాలి. పేషెంటు నడుముకు బెల్టు కట్టి, దాన్ని పట్టుకోవాలి. ఇవి వీడియో చూస్తే వచ్చేవి కావు. తోటి ట్రైనీలను పేషెంట్లుగా పడుకోబెట్టి, చేతులు అలవాటు పడేదాకా చేయించాలి. ట్రైనింగ్‌లో మంచం, వీల్‌చైర్ ఉన్నాయా అని అడగండి. లేవంటే అక్కడ చేర్పించవద్దనే చెబుతాను.

రెండోది సూదులు. షుగర్ పేషెంటు వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి గుచ్చుకునేవాళ్లు చాలామంది. వాడిన సూదిని గట్టి డబ్బాలో వేయాలి. గుచ్చుకుంటే ఆ చోట పిండకుండా, సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. ఇలా సూది గుచ్చుకున్నా సోకే కాలేయ వ్యాధి హెపటైటిస్ బీ. దాని టీకా డ్యూటీకి వెళ్లకముందే మొదలుపెట్టించండి. సాధారణంగా అది మూడు డోసులు, పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. ఆ ఖర్చు ఎవరిదో సంస్థను ముందే అడగండి, మొహమాటపడకండి.

చేతులు కడుక్కోవడం, అన్నం పెట్టేటప్పుడు పేషెంటును నిటారుగా కూర్చోబెట్టడం, సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) ఎలాగూ నేర్పుతారు. చాలాచోట్ల నేర్పనిది ఒకటుంది: కాదని చెప్పడం. ‘ఎలాగూ ఉన్నావుగా, ఈ ఇంజెక్షన్ కూడా చేసెయ్యమ్మా’ అని ఇంటివాళ్లు ప్రేమగానే అడుగుతారు. కేర్ ప్లాన్‌లో, అంటే ఆ పేషెంటుకు ఏమేం చేయాలో రాసిచ్చిన కాగితంలో లేని, తనకు నేర్పని పని చేస్తే పేషెంటుకూ ప్రమాదమే, తన ఉద్యోగానికీ ప్రమాదమే.

ఇక మీ అసలు భయం సంగతి. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? కొత్త ఇంటికి పంపేముందు సూపర్‌వైజర్ వెళ్లి చూసొస్తారా? ఇంట్లో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే జీతం కోయకుండా వెనక్కి పిలిపిస్తారా? ఈ మాటలు కాగితం మీద రాయించుకోండి.

మూడు రోజులు చాలవు. మొదటి రెండు వారాలు అనుభవమున్న కేర్‌టేకర్ పక్కన ఉండి పని నేర్చుకునే ఏర్పాటు ఉందా అని మీ అమ్మాయినే అడగమనండి. ఉంటే చేరనివ్వండి. లేదంటే ఇంకో సంస్థను చూసుకోమనండి.