768 స్క్రీన్ ల్యాప్‌టాప్‌లో ఫైర్ స్ట్రైక్ స్కోరు చెల్లుతుందా, మానిటర్ కొనాలా?

మానిటర్ కొనకండి, కనీసం దీనికోసమైతే అస్సలు వద్దు.

మీ స్క్రీన్ 1366×768, గ్రాఫిక్స్ కార్డు సత్తా కొలిచే త్రీడీమార్క్‌లోని ఫైర్ స్ట్రైక్ టెస్టుకేమో 1920×1080 అని రాసి ఉంది, కాబట్టి మీకొచ్చింది దొంగ స్కోరేమో అన్నది మీ అనుమానం. కాదండీ. త్రీడీమార్క్ బొమ్మని మన స్క్రీన్ సైజు చూసి గీయదు. లోపల మెమరీలో 1920×1080లోనే పూర్తిగా గీసేసి, మనకి చూపించేటప్పుడు మాత్రం 768కి కుదిస్తుంది. కార్డు పడాల్సిన కష్టం అంతా పడుతుంది, మన కంటికి కనిపించేదే చిన్నది. అందులోదే ఇంకో టెస్టు టైమ్ స్పై 2560×1440లో గీస్తుంది, దాని సంగతీ అంతే.

నేనూ సరిగ్గా ఇదే టెన్షన్ పడ్డాను. నాది ఐ5-8250యూ ప్రాసెసర్, ఎంఎక్స్150 కార్డు, 768 ప్యానెల్. కొన్న షాపులో అతను "ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ లేకపోతే ఈ టెస్టులు కరెక్టుగా రావండీ" అన్నాడు. అదేదో తేల్చుకుందామని హాల్లో ఉన్న 1080 టీవీకి పెట్టి చూద్దామనుకున్నా, కానీ అమ్మ సీరియళ్లు అయిపోయేదాకా ఆ టీవీ దగ్గరికి పోలేం కదా, రాత్రి పదిన్నర దాటాక హెచ్‌డీఎంఐ వైరు తగిలించి నేల మీద కూర్చున్నాను. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద మూడుసార్లు, టీవీ మీద మూడుసార్లు నడిపి గ్రాఫిక్స్ స్కోర్లు పాత నోట్‌బుక్ వెనక రాసుకున్నా. ల్యాప్‌టాప్‌కీ టీవీకీ మధ్య వచ్చిన తేడా కన్నా, ఒకే స్క్రీన్ మీద మొదటిసారికీ మూడోసారికీ వచ్చిన తేడానే ఎక్కువ. మే నెల విజయవాడ, మూడోసారికి కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోయాను, స్కోరు పడిపోయిందంటే దానివల్ల పడిపోయింది.

అలాగని షాపతను అబద్ధం చెప్పాడనను. ఒకప్పుడు అది నిజమే. త్రీడీమార్క్06 అనే పాత వెర్షన్ డీఫాల్ట్ రిజల్యూషన్ 1280×1024, ఆ తర్వాత వచ్చిన వాంటేజ్ వెర్షన్‌లో పెర్ఫార్మెన్స్ ప్రీసెట్ (ముందే పెట్టి ఉండే సెట్టింగ్) కూడా అదే. అప్పటి ల్యాప్‌టాప్‌లు 1280×800, తర్వాతవి 1366×768, వెడల్పు సరిపోయినా ఎత్తు చాలదు, దాంతో జనం నిజంగానే బయటి మానిటర్ పెట్టి నడిపేవాళ్లు. 2010 చివర్లో త్రీడీమార్క్ 11 వచ్చాక పెర్ఫార్మెన్స్ ప్రీసెట్ 1280×720కి దిగింది, 2013లో ఫైర్ స్ట్రైక్ వచ్చేసరికి స్క్రీన్ సైజుతో పనే లేకుండా పోయింది. సలహా మాత్రం పాతదే నడుస్తోంది.

అసలు మోసపోయేది గేముల్లో ఉండే బెంచ్‌మార్క్‌ల (వేగం కొలిచే టెస్టుల) దగ్గర. జీటీఏ 5 లాంటివి మీ స్క్రీన్ ఎంతుంటే అంతలోనే నడుస్తాయి. యూనిజైన్ హెవెన్ అనే టెస్టులో కూడా రిజల్యూషన్ దగ్గర 'సిస్టమ్' అని వదిలేస్తే స్క్రీన్‌దే తీసుకుంటుంది. 1366×768 అంటే దాదాపు పదిన్నర లక్షల పిక్సెళ్లు, 1080కి ఇరవై లక్షల పైనే, అంటే మీరు సగం బరువే మోస్తూ యూట్యూబ్‌లో 1080లో నడిపినవాడితో పోల్చుకుంటున్నారన్నమాట. పైగా బరువు సగమైందని ఫ్రేములు రెట్టింపు కావు. జీటీఏ 5లో నాకు ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగిపోయాయి, ఎందుకంటే చిన్న రిజల్యూషన్‌లో కార్డు ఖాళీ అయిపోయి ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంటుంది. కాబట్టి 768లో వచ్చిన నంబరుని రెండుతో భాగించి 1080 నంబరు తేల్చే లెక్కలు వద్దు.

గేముల్లో 1080 కావాలంటే మూడు దారులు. గేమ్ సెట్టింగుల్లో రెండర్ స్కేల్ (లోపల బొమ్మ ఎంత సైజులో గీయాలో) శాతాల్లో ఉంటే 140 పెట్టండి, 1912×1075 వస్తుంది, పోలికకి చాలు. స్క్రీన్ కన్నా పెద్ద సైజులో గీయించే ఎన్విడియా డీఎస్ఆర్ అని ఒకటుంది గానీ, ఇలాంటి రెండు గ్రాఫిక్స్‌ల ల్యాప్‌టాప్‌లో ప్యానెల్ ఇంటెల్ చిప్‌కే కలిపి ఉంటుంది కాబట్టి ఆ ఆప్షనే రాదు, దాని కోసం వెతుకుతూ డ్రైవర్లు తీసి మళ్లీ వేసుకుంటూ కూర్చోకండి, నాకు ఒక ఆదివారం అందులోనే పోయింది. మూడోది టీవీ. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. టీవీ తగిలించాక కూడా గేములో 1080 కనిపించలేదు నాకు, అరగంట తల గోక్కున్నాక తెలిసింది విండోస్ డూప్లికేట్ మోడ్‌లో రెండు స్క్రీన్లకీ కుదిరే 768కే దిగిపోయిందని. విండోస్ బటన్ పట్టుకుని పీ నొక్కి 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' పెట్టగానే వచ్చేసింది.

మీ స్కోరు ఇక్కడ పెట్టేటప్పుడు మొత్తం స్కోరు కాదు, గ్రాఫిక్స్ స్కోరు విడిగా పెట్టండి, మొత్తంలో ప్రాసెసర్ టెస్టు కూడా కలిసి ఉంటుంది. చార్జర్ పెట్టే నడపండి, బ్యాటరీ మీద అయితే కార్డు వేగం తగ్గిపోతుంది. ఒక్కో రన్ మధ్య పది నిమిషాలు ఫ్యాన్ కింద పెట్టి చల్లారనివ్వండి. అప్పటికీ ఎంఎక్స్150 స్కోరు మిగతావాళ్ల కన్నా బాగా తక్కువుంటే మీది 10 వాట్ల రకమేమో చూడాలి. ఆ పేరుతోనే 25 వాట్లదీ ఉంది, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ స్క్రీన్‌షాట్ పెడితే క్లాక్ స్పీడు చూసి చెప్తాను.